ఇంట్లో కట్టిన కిట్ కారు: 50 మైళ్ళ స్పీడు దగ్గర వెనక నుంచి హోరు, డిఫ్ దింపెయ్యాలా?

నెల్లూరు_నార్తాంప్టన్ · శనివారం రాత్రి

అందరికీ నమస్తే. పొడుగు పోస్టు, కాస్త ఓపిగ్గా చదవండి ప్లీజ్. మూడున్నరేళ్ళుగా ఇంటి గ్యారేజ్‌లో సెవెన్ టైపు కారు (పాత లోటస్ సెవెన్ లాంటి రెండు సీట్ల తేలిక బండి) కడుతున్నానని ఇంతకుముందు రాశా కదా, అది పూర్తయింది, ఐవీఏ టెస్టు (సొంతంగా కట్టిన బండికి ఇక్కడ యూకేలో చేసే తనిఖీ) పాసైంది, నంబర్ ప్లేటు వచ్చింది, మూడు వారాల్లో దాదాపు 400 మైళ్ళు తిప్పా. నడుపుతుంటే ప్రాణం లేచొస్తోంది, కానీ శబ్దాలు నిద్ర పట్టనివ్వట్లేదు.

వివరాలు: డోనర్ (భాగాలు తీసుకున్న బండి) 1996 మజ్దా ఎంఎక్స్-5, 1.8 ఇంజను, సిల్స్ (తలుపుల కింది అంచులు) మొత్తం తుప్పు పట్టిపోయి ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ టెస్టు) ఫెయిలైన బండి. 5 స్పీడు గేర్‌బాక్సు, 4.1 రేషియో మామూలు ఓపెన్ డిఫ్ (డిఫరెన్షియల్, ఇంజను శక్తిని వెనక చక్రాలు రెండింటికీ పంచే గేర్ల పెట్టె), టైర్లు 195/50 15. ఛాసీ 25 ఎంఎం చదరపు ట్యూబుతో నేనే వెల్డింగ్ చేశా. గేర్‌బాక్సుకీ డిఫ్‌కీ మధ్య మజ్దా పెట్టే పొడుగాటి అల్యూమినియం ఫ్రేము (పీపీఎఫ్) నా టన్నెల్‌లో పట్టదు, అందుకని అది తీసేసి గేర్‌బాక్సు తోకకి ఒక మౌంటు, డిఫ్ ముక్కుకి రబ్బరు బుష్‌తో ఒక మౌంటు సొంతంగా చేశా. ప్రాప్ షాఫ్టు (గేర్‌బాక్సు నుంచి డిఫ్‌కి పోయే తిరిగే గొట్టం) కోయించి పొట్టి చేయించా, ఇప్పుడు క్రాస్ (దాని రెండు చివర్లా ఉండే వంగే కీలు, యూజే) సెంటర్ నుంచి క్రాస్ సెంటర్‌కి 620 ఎంఎం, బ్యాలన్స్ కూడా చేసే ఇచ్చారు.

శబ్దాలు ఇవీ. 45 నుంచి 55 మైళ్ళ మధ్య వెనక నుంచి హూ... అని హోరు, సీటు కింద నుంచి వీపులోకి వస్తుంది, యాక్సిలరేటర్ వదిలితే ఇంకా పెరుగుతుంది, తొక్కితే కొంచెం తగ్గుతుంది. ఆగి ఉన్న బండి కదిలేటప్పుడు టక్ అని ఒక దెబ్బ, రివర్స్ నుంచి ఫస్ట్‌కి మారితే ఖచ్చితంగా వస్తుంది. ఇంకా ఐడిల్‌లో న్యూట్రల్‌లో ఉంటే డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు గరగర, క్లచ్ తొక్కితే మాయం.

యాక్సిలరేటర్ వదిలితే పెరుగుతోంది కాబట్టి క్రౌన్ పినియన్ (డిఫ్ లోపలి గేర్ల జత) పోయిందని నాకు అనిపిస్తోంది, ఒక సెకండ్ హ్యాండ్ డిఫ్ మాట్లాడి పెట్టా, వచ్చే వారం దింపేద్దామని. దింపే ముందు మీ మాట వినాలని రాస్తున్నా.

---

ఆటోనగర్_అబ్బాయి · ఆదివారం పొద్దున

అన్నా ముందు కంగ్రాట్స్, సొంత చేతుల్తో ఛాసీ కట్టి రోడ్డెక్కించడం మాటలు కాదు.

మాది బెజవాడ ఆటోనగర్, నాన్న ముప్పై ఏళ్ళుగా లారీ హౌసింగ్ (వెనక యాక్సిల్, డిఫ్) పని చేస్తారు, నేనూ అదే షెడ్డులో పెరిగా. వదిలినప్పుడు మోత పెరిగితే మామూలుగా మేము ముందు చూసేది క్రౌన్ పినియనే, పినియన్ బేరింగు లూజైతే పినియన్ ముందుకీ వెనక్కీ ఆడి, తొక్కినప్పుడు ఒక మోత వదిలినప్పుడు ఇంకో మోత వస్తుంది. కానీ నువ్వు హూ అని రాశావు చూడు, అక్కడ నాకు డౌటు. క్రౌన్ మోత సన్నగా ఉంటుంది, ఊఁ... అని ఈల వేసినట్టు ఏడుస్తుంది. లావు గొంతుతో హోరు పెట్టదు. లావు హోరైతే హబ్ బేరింగో టైరో జాయింటు షాఫ్టో (నువ్వనే ప్రాప్) అయ్యుండాలి.

ఒక పని చెయ్. డిఫ్ ఆయిల్ దించి గిన్నెలో పొయ్, డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి ఏం అంటిందో చూడు. మెత్తటి బూడిద పేస్టు ఉంటే భయం లేదు, అది అన్ని బళ్ళలో ఉంటుంది. వేలికి గుచ్చుకునే చిప్సు ఉంటే అప్పుడు దింపు.

---

డాలస్_మియాటా · ఆదివారం

హలో అండీ. నా దగ్గర 1999 మియాటా (ఎంఎక్స్-5కే అమెరికాలో పేరు) ఉంది, 1.9 లక్షల మైళ్ళు తిరిగింది, అందుకని ఈ బండి వెనక భాగంతో నాకు బాగా పరిచయం.

హోరుకి వీల్ బేరింగ్ టెస్టు చేశారా? 30 మైళ్ళ దగ్గర ఖాళీ స్థలంలో స్టీరింగ్ మెల్లగా ఎడమకీ కుడికీ తిప్పుతూ పాములా నడపండి. ఎడమకి తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్. అసలేమీ మారకపోతే బేరింగ్ కాదనే దాదాపుగా అనుకోవచ్చు.

టక్ అనే దెబ్బ గురించి నాకు ఇంకో అనుమానం ఉంది. వెనక హబ్ నట్లు (చక్రం మధ్యలో షాఫ్టు చివర బిగించే పెద్ద నట్లు) ఎంత టార్క్‌తో బిగించారు?

---

బాజా_బ్యాచ్_2014 · ఆదివారం

అన్నా నాకు ఎంఎక్స్-5 తెలీదు కానీ సేమ్ ఫీలింగ్ తెలుసు, కాలేజీలో బాజా (విద్యార్థులు ఆఫ్‌రోడ్ బండి కట్టి పోటీ పడే ఈవెంటు) టీమ్‌లో పితంపూర్ వెళ్ళినప్పుడు మా బండి (బ్రిగ్స్ ఇంజను, ఆటోకి వేసే ఆల్ఫా గేర్‌బాక్సు) నుంచి కూడా ఇలాగే మూడు నాలుగు శబ్దాలు ఒకేసారి వచ్చేవి, రెండు రాత్రులు గేర్‌బాక్సు విప్పీ బిగించీ చచ్చాం, చివరికి చూస్తే గేర్‌బాక్సు మౌంటు బోల్టు ఒకటి లూజు, దాని వల్ల షాఫ్టు వంకరగా తిరిగేది. అందుకే చెప్తున్నా, ఏదీ విప్పకముందే బోల్టులన్నీ ఒకసారి రెంచి పెట్టి చూడు.

మన దగ్గర ఇలాంటి బండి కట్టి రోడ్డు మీద తిప్పాలంటే రిజిస్ట్రేషన్ దొరకదు, ఉన్న బండిలో కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడమే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీరు అక్కడ కట్టి ఇక్కడ రాస్తుంటే చదవడమే మాకు పండగ.

---

పుణె_వైబ్రేషన్ · ఆదివారం రాత్రి

నమస్తే. నా ఉద్యోగమే బండి శబ్దాలు కొలవడం, కాబట్టి కొంచెం గట్టిగా చెప్తాను, తప్పుగా అనుకోకండి: డిఫ్ దింపకండి, డబ్బు కూడా కట్టకండి. ఇంకా ఏదీ రుజువు కాలేదు.

మీరు చెప్పిన మూడు శబ్దాలకీ మూడు వేరు కారణాలు ఉండొచ్చు. మూడింటినీ ఒకే జబ్బుగా చూస్తే ఏ పార్టు మార్చినా ఇంకోటి మిగిలిపోతుంది, మార్చిన పార్టు తప్పేమో అనిపిస్తుంది. ఒక్కొక్క శబ్దాన్ని పట్టుకుని అది దేనితో పాటు మారుతోంది అని అడగండి. ఇంజను ఆర్‌పీఎంతోనా, రోడ్డు స్పీడుతోనా, లోడుతోనా, క్లచ్‌తోనా.

హోరు కోసం: 55 మైళ్ళు ఎక్కించి న్యూట్రల్‌లో వేసి బండిని దాని మానాన పోనివ్వండి. హోరు అలాగే ఉంటే ఇంజను, క్లచ్ లిస్టులోంచి పోయినట్టే. తర్వాత అదే 50 మైళ్ళు థర్డ్‌లో, ఫోర్త్‌లో, ఫిఫ్త్‌లో. గేరు మారినా హోరు 50 దగ్గరే ఉంటే అది గేర్‌బాక్సు అవుట్‌పుట్ తర్వాతది, అంటే ప్రాప్, డిఫ్, హాఫ్ షాఫ్టులు (డిఫ్ నుంచి చక్రాలకి పోయేవి), చక్రాలు. గేరుతో పాటు స్థానం మారితే ముందు వైపు వెతకాలి.

ఇంకొకటి, ఫోన్‌లో ఫ్రీక్వెన్సీ చూపించే స్పెక్ట్రమ్ యాప్ ఏదైనా వేసి, ఫోన్‌ని సీట్ల మధ్య టన్నెల్ మీద టేపుతో అంటించి, జీపీఎస్ స్పీడు 50 దగ్గర పట్టి ఉంచి రికార్డు చేయండి. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి, నడుపుతూ మీరు ఫోన్ చూడొద్దు.

దయచేసి వెనక చక్రాలు స్టాండ్ల మీద లేపి గేర్లో తిప్పి వినే పని మాత్రం చెయ్యకండి. సస్పెన్షన్ వేలాడుతుంటే సీవీ జాయింట్లు (హాఫ్ షాఫ్టుల చివరి కీళ్ళు) అసలు లేని కోణంలో తిరిగి కొత్త మోతలు పుడతాయి, పైగా ఓపెన్ డిఫ్ కాబట్టి ఒక చక్రం ఆగిపోతే రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది. ఆ బండి కింద తల పెట్టడం చాలా ప్రమాదం.

---

వరంగల్_వీల్స్ · సోమవారం

అన్నా ఆ న్యూట్రల్ గరగర గురించి నేను చెప్త. ఫ్లైవీల్ మార్చినవా? తేలికది ఏసినవా?

క్లచ్ తొక్కితే పోతుందంటే ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగుతుందన్నట్టు, దానితోని లోపలి గేర్లన్నీ ఆగుతయ్. గందుకే మనోళ్ళు ఎంబడే ఇన్‌పుట్ బేరింగ్ పోయింది అంటరు, పోయి ఉండొచ్చు కూడా. తొక్కినప్పుడు మోత మొదలైతే అది రిలీజ్ బేరింగ్, నీది గది కాదు. కానీ తేలిక ఫ్లైవీల్ ఉంటే ఐడిల్‌ల ప్రతి ఫైరింగ్‌కి క్రాంక్ కుదుపులు ఎక్కువైతయ్, లోడు లేని గేర్ల పండ్లు ఒకదానికొకటి కొట్టుకుంటయ్, గరగర గదే. ఐడిల్ జర పెంచి చూడు, 850 నుంచి 1000, 1100 దాకా. తగ్గితే ఏం కాదు, బేరింగ్ మోత అయితే ఆర్‌పీఎం పెరిగినకొద్దీ ఇంకా పెరుగుతది కానీ తగ్గదు.

ఇంకో టెస్టు ఉంది. ఈ గేర్‌బాక్సుల ఫోర్త్ డైరెక్ట్, 1కి 1. పవరు లేషాఫ్ట్ (గేర్‌బాక్సుల పక్కనుండే రెండో షాఫ్టు) మీదికెళ్లి పోదు, సీదా ఎనకకు పోతది. థర్డ్‌ల, ఫిఫ్త్‌ల మోత ఉండి ఫోర్త్‌ల సైలెంట్ అయితే లేషాఫ్ట్ బేరింగో గేర్లో చూడాలె.

గేర్‌బాక్సుల ఏ ఆయిల్ పోసినవో కూడా చెప్పు.

---

నెల్లూరు_నార్తాంప్టన్ · బుధవారం

అందరికీ పేరుపేరునా థాంక్స్. రెండు సాయంత్రాలు ఇదే పని చేశా, ఫలితాలు రాస్తున్నా.

వరంగల్ తమ్ముడూ, అవును, తేలిక ఫ్లైవీలే. ఐడిల్ 1100కి పెడితే గరగర ముప్పావు వంతు పోయింది. ఆయిల్ 75డబ్ల్యూ-90 జీఎల్-4, రెండు లీటర్లు. డిఫ్‌లో హైపాయిడ్ జీఎల్-5, ఒక లీటరు.

ఆటోనగర్ తమ్ముడూ, డిఫ్ ఆయిల్ దించా, అయస్కాంతం మీద మెత్తటి పేస్టు మాత్రమే, చిప్సు లేవు.

పాము టెస్టు: ఎడమకీ కుడికీ ఏమీ మారలేదు. మా ఊరి బైపాస్‌లో కొంత దూరం కాంక్రీటు, కొంత దూరం తారు ఉంటుంది, రెండింటి మీదా హోరు ఒకేలా ఉంది, కాబట్టి టైర్లు కూడా కావనుకుంటున్నా.

న్యూట్రల్‌లో వదిలితే హోరు అలాగే ఉంది! ఫిఫ్త్‌లో కూడా 50 దగ్గరే. స్పెక్ట్రమ్ యాప్ మా ఆవిడ పట్టుకుంది, ఫోర్త్‌లో 50 మైళ్ళ దగ్గర 104 హెర్ట్జ్‌లో పెద్ద శిఖరం ఒకటి నిలబడింది, మిగతావన్నీ దాని ముందు చిన్నవి.

హబ్ నట్ల సంగతి ఇంకా చూడలేదు, వారాంతంలో చూస్తా.

---

పుణె_వైబ్రేషన్ · బుధవారం రాత్రి

చాలా మంచి పని చేశారు. ఇప్పుడు లెక్క వేద్దాం. మీ టైరు ఒక చుట్టుకి బరువు మీద సుమారు 1.77 మీటర్లు నడుస్తుంది. 50 మైళ్ళంటే సెకనుకి 22.35 మీటర్లు. అంటే చక్రం సెకనుకి 12.6 చుట్లు. దాన్ని 4.1తో గుణిస్తే ప్రాప్ షాఫ్టు సెకనుకి 51.8 చుట్లు.

చక్రం బ్యాలన్స్ తప్పితే 12.6 దగ్గర కనిపించాలి. ప్రాప్ బ్యాలన్స్ తప్పితే 52 దగ్గర. క్రౌన్ పినియన్ పళ్ళ మోత అయితే పినియన్‌కి 10 పళ్ళు, కాబట్టి 518 దగ్గర, ఆటోనగర్ తమ్ముడు చెప్పిన సన్న ఈల అదే. మీది 104, అంటే ప్రాప్ చుట్టుకి సరిగ్గా రెండు సార్లు. చుట్టుకి రెండు సార్లు కుదిపేది యూజే క్రాసు. కోణంలో తిరిగే క్రాస్ జాయింటు ప్రతి చుట్టులో రెండు సార్లు వేగం పెంచి రెండు సార్లు తగ్గిస్తుంది, అది దాని స్వభావం. వెనక క్రాసు అదే కోణంలో ఉంటే ముందుది చేసిన తప్పుని అది సరిదిద్దేస్తుంది. కోణాలు రెండూ సమానం కాకపోతే మిగిలిన తేడా డిఫ్‌ని కొడుతూనే ఉంటుంది.

కానీ ఇక్కడ ఒక ఉచ్చు ఉంది, అందులో పడకండి. మీరు రికార్డు చేసింది ఫోర్త్‌లో. ఫోర్త్ డైరెక్ట్ కాబట్టి ఇంజనూ ప్రాపూ ఒకే వేగం. నాలుగు సిలిండర్ల ఇంజను చుట్టుకి రెండు సార్లు ఫైరవుతుంది, అదీ 104 హెర్ట్జే! ఈ ఒక్క గేర్లో ఎగ్జాస్టు బూమ్‌కీ క్రాసు కుదుపుకీ తేడా తెలీదు. ఫిఫ్త్ రేషియో 0.814, అందులో అదే 50 దగ్గర ఇంజను ఫైరింగ్ 84కి దిగిపోతుంది, ప్రాప్ 104 మాత్రం అక్కడే ఉంటుంది. ఫిఫ్త్‌లోనూ న్యూట్రల్‌లోనూ మళ్ళీ రికార్డు చేయండి.

---

ఆటోనగర్_అబ్బాయి · బుధవారం రాత్రి

గారూ మీ లెక్క చదివి నాన్నకి వినిపించా. ఆయన లారీ గేటు దాటి లోపలికి వస్తుంటే వినే, ఇది హౌసింగ్, ఇది సెంటర్ బేరింగు అని చెప్పేస్తారు, ఎలా తెలుస్తుందంటే చెప్పలేరు. 518 కీ 104 కీ తేడా అన్నాక "అదేరా నేను సన్నం లావు అనేది" అన్నారు.

ఒక్క డౌటు. కోణం తప్పయితే తొక్కినప్పుడూ వదిలినప్పుడూ ఒకేలా ఉండాలి కదా, అన్నకి వదిలితే ఎందుకు పెరుగుతోంది? నాకైతే ఇంకా పినియన్ మీదే అనుమానం పూర్తిగా పోలేదు.

---

నెల్లూరు_నార్తాంప్టన్ · గురువారం

ఫిఫ్త్‌లో చేశా. రెండు శిఖరాలు వేరుగా వచ్చేశాయి! 84 దగ్గర చిన్నది, 104 దగ్గర పెద్దది. న్యూట్రల్‌లో 84 పోయింది, 104 అక్కడే. 40 మైళ్ళ దగ్గర 83కి దిగింది, 60 దగ్గర 124కి ఎక్కింది కానీ ఎత్తు తగ్గింది. చూస్తుంటే ఒళ్ళు పులకరించింది, నిజంగా.

---

పుణె_వైబ్రేషన్ · గురువారం

అయితే ప్రాప్ చుట్టుకి రెండు సార్లే, ఇక సందేహం లేదు. 50 దగ్గరే ఎక్కువగా వినపడటానికి కారణం మీ టన్నెల్ అల్యూమినియం రేకు అయ్యుంటుంది, దాని సహజ కంపనం ఆ చుట్టుపక్కల ఉండి డప్పులా మోగుతోంది.

ఆటోనగర్ తమ్ముడి ప్రశ్న చాలా మంచిది, జవాబు మౌంటులో ఉంది. తొక్కినప్పుడు చక్రాల ప్రతిచర్య వల్ల డిఫ్ ముక్కు పైకి లేస్తుంది, వదిలినప్పుడు కిందికి దిగుతుంది. మజ్దా ఆ పీపీఎఫ్ ఫ్రేము పెట్టింది దీని కోసమే, గేర్‌బాక్సునీ డిఫ్‌నీ ఒకే దూలానికి కట్టేస్తే ముక్కు ఆడదు, కోణం చెడదు. దాన్ని తీసేసినప్పుడు ఆ బాధ్యత మొత్తం మీ రబ్బరు బుష్ మీద పడింది. తొక్కితే శబ్దం తగ్గుతోందంటే ముక్కు లేచినప్పుడు కోణం సరైన వైపుకి పోతోందన్నమాట. నా అంచనా, మీ డిఫ్ ముక్కు ఉండాల్సిన దానికంటే కిందికి ఉంది.

కొలవండి. బండి చక్రాల మీద నిలబడి ఉండాలి, డ్రైవరు సీట్లో మీ అంత బరువు పెట్టి, డిజిటల్ యాంగిల్ గేజితో మూడు చోట్ల: గేర్‌బాక్సు, ప్రాప్ ట్యూబు, డిఫ్ పినియన్ ఫ్లాంజి. ఏ వైపు వాలిందో కూడా రాయండి, సంఖ్య ఒక్కటే సరిపోదు. ప్రాప్ రెండు చివర్ల యోకులు (క్రాసుని పట్టుకునే ఫోర్కులు) ఒకే వరసలో ఉన్నాయో లేదో కూడా చూడండి, కోసి అతికేటప్పుడు అక్కడ తప్పు జరుగుతుంటుంది.

---

నెల్లూరు_నార్తాంప్టన్ · శనివారం

పొద్దున్నే టన్నెల్ కవర్ రివెట్లు కొట్టేసి కొలిచా. సీట్లో రెండు బియ్యం బస్తాలు, ఒక టూల్ బాక్సు.

గేర్‌బాక్సు: వెనక్కి 3.0 డిగ్రీలు దిగుతోంది.
ప్రాప్: వెనక్కి 1.0 డిగ్రీ దిగుతోంది.
డిఫ్: వెనక్కి 2.8 డిగ్రీలు ఎక్కుతోంది, అంటే ముక్కు కిందికి ఉంది, మీరన్నట్టే.

అంటే ముందు క్రాసు 2.0, వెనక క్రాసు 3.8. యోకులు సరైన వరసలోనే ఉన్నాయి. ముక్కు ఎందుకు దిగిందో కూడా అర్థమైంది, నేను ఆ మౌంటు కట్టింది బండి స్టాండ్ల మీద ఉన్నప్పుడు, డిఫ్ కింద జాకీ పెట్టి, బుష్ మీద బరువే లేదు. బరువు పడ్డాక రబ్బరు కుంగింది. ఈ తప్పు నాదే.

ఇప్పుడు వెనక కోణం 2.0కి తేవాలి, 1.8 డిగ్రీలు తిప్పాలి. డిఫ్ వెనక చేతుల బుష్‌ల నుంచి ముక్కు ఫ్లాంజి దాకా 350 ఎంఎం, కాబట్టి ముక్కుని 11 ఎంఎం లేపితే చాలు కదా? వాషర్లు కోయిస్తున్నా.

---

వరంగల్_వీల్స్ · శనివారం

ఆగు అన్నా ఆగు, 11 పెట్టకు! ముక్కు లేపితే ప్రాప్ ఎనక కొస కూడా లేస్తది కదా. అప్పుడు ప్రాప్ వాలు మారుతది, ముందు క్రాసు కోణం పెరుగుతది. రెండూ ఒకేసారి కదులుతయ్.

ఒక్కో ఎంఎం లేపితే: ప్రాప్ 620 పొడుగు కాబట్టి దాని వాలు 0.092 డిగ్రీ తగ్గుతది, డిఫ్ 350 కాబట్టి 0.164 తగ్గుతది. ముందు కోణం 2.0 నుంచి ఎంఎంకి 0.092 చొప్పున ఎక్కుతది, ఎనక కోణం 3.8 నుంచి ఎంఎంకి 0.256 చొప్పున దిగుతది. రెండు కలిసేది 5.2 ఎంఎం కాడ, అప్పుడు రెండూ 2.5 డిగ్రీలు అయితయ్. 11 పెడితే ఉల్టా అయితది, ముందు 3.0, ఎనక 1.0, మళ్ళ హోరు మొదలు.

---

పుణె_వైబ్రేషన్ · శనివారం

వరంగల్ గారి లెక్క సరైనది, 5 ఎంఎం పెట్టండి. షాఫ్టులు సమాంతరంగా ఉండాలని పుస్తకాల్లో ఉంటుంది, మీవి సమాంతరంగా లేవు, రెండు క్రాసులూ ఒకే వైపుకి వంగి ఉన్నాయి, అయినా యోకులు వరసలో ఉండి కోణాలు సమానమైతే రద్దు పని చేస్తుంది. సున్నాకి తేవాలని కూడా ప్రయత్నించకండి, క్రాసుకి అర డిగ్రీ అయినా ఉండాలి, లేకపోతే లోపలి సూది బేరింగులు కదలక ఒకే చోట గుంట పడతాయి.

బుష్ కూడా కొంచెం గట్టిది వేయండి. మెత్తగా ఉంటే మీరు ఎంత సరిగ్గా పెట్టినా తొక్కినప్పుడల్లా ముక్కు ఆ కొలత తప్పుతుంది.

---

డాలస్_మియాటా · శనివారం

అక్కడ బండి కింద ఎలాగూ ఉన్నారు కాబట్టి హబ్ నట్లు ఇప్పుడే చూసెయ్యండి. వెనక నట్టుకి 216 నుంచి 294 న్యూటన్ మీటర్లు కావాలి, చాలా ఎక్కువ, చక్రాలు నేల మీద ఉండి బ్రేకు తొక్కి పట్టుకుంటేనే అంత బిగుతుంది. తక్కువ ఉంటే సీవీ జాయింటు భుజం హబ్ బేరింగు ముఖం మీద జారి, దిశ మారినప్పుడల్లా టక్ అంటుంది. నా బండికి రెండేళ్ళు ఆ టక్ ఉంది, నేను డిఫ్ బుష్‌లు మార్చా, హాఫ్ షాఫ్టు మార్చా, చివరికి నట్టు తీసి ఆ రెండు ముఖాలూ తుడిచి, పల్చగా గ్రీజు రాసి, కొత్త నట్టు టార్క్‌తో బిగించి అంచుని షాఫ్టు గాడిలోకి కొట్టాక పోయింది. ఆ నట్టు మళ్ళీ వాడకండి, కొత్తదే వేయండి.

---

నెల్లూరు_నార్తాంప్టన్ · ఆదివారం రాత్రి

రాస్తుంటే చేతులు ఇంకా గ్రీజుగానే ఉన్నాయి.

నిన్న సాయంత్రం 5 ఎంఎం స్టీలు షిమ్ పెట్టి, గట్టి బుష్ నొక్కించి, మళ్ళీ కొలిచా: ముందు 2.4, వెనక 2.6. ఈరోజు పొద్దున ఆరింటికి ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్ళా. 45... 50... 55. హోరు లేదు! అంటే పూర్తిగా లేదని కాదు, యాప్‌లో 104 దగ్గర చిన్న గుట్ట ఇంకా కనిపిస్తోంది, కానీ చెవికి అందట్లేదు, వీపుకి అసలే తెలియట్లేదు. వదిలినా తొక్కినా ఒకేలా ఉంది. మా ఆవిడ పక్క సీట్లో మాట్లాడుతుంటే మొదటిసారి వినపడింది.

డాలస్ గారూ, ఎడమ నట్టు 120 దగ్గరే కదిలిపోయింది! కుడిది బాగానే ఉంది. బండి స్టాండ్ల మీద ఉన్నప్పుడు చేతి రెంచితో బిగించి, కింద దించాక టార్క్ చేద్దామని అనుకుని కుడిది చేసి ఎడమది మర్చిపోయినట్టున్నా. ఇది చక్రం నిలబెట్టే నట్టు, శబ్దం రాకపోయుంటే నేను చూసేవాణ్ణే కాదు, తలుచుకుంటే చెమటలు పట్టాయి. ముఖాలు తుడిచి, కొత్త నట్లు రెండు వైపులా 250కి బిగించి అంచులు కొట్టా. టక్ పోయింది. రివర్స్, ఫస్ట్, రివర్స్, ఫస్ట్ అని పది సార్లు వాకిట్లోనే ఆడించా.

గరగర ఐడిల్ 1050 దగ్గర కొంచెం ఉంది, అది ఫ్లైవీల్‌దే కాబట్టి ఉండనిస్తా.

---

ఆటోనగర్_అబ్బాయి · ఆదివారం రాత్రి

సూపర్ అన్నా!! ఈ థ్రెడ్డు మొత్తం నాన్నకి చదివి వినిపించా. జాయింటు షాఫ్టు కోణం యాప్‌తో పట్టడం ఆయనకి బాగా నచ్చింది. లారీలకి పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) సాగిపోయి హౌసింగ్ తిరిగినప్పుడు కూడా ఇదే హోరు వస్తుందట, వాళ్ళు పట్టీ కింద ఇనప వెడ్జి పెట్టి సరిచేస్తారు, ఎన్ని డిగ్రీలని ఎప్పుడూ కొలవలేదట. రేపు షెడ్డుకి యాంగిల్ గేజి ఒకటి కొంటున్నా.

మరి ఆ సెకండ్ హ్యాండ్ డిఫ్?

---

నెల్లూరు_నార్తాంప్టన్ · సోమవారం

వద్దని చెప్పేశా తమ్ముడూ, ఆయన ఏమీ అనుకోలేదు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు, చిప్సు చూడమన్నది ఆయన మాటే అనుకుంటా, అది చూశాకే డిఫ్ మీద నాకు ధైర్యం వచ్చింది.

టన్నెల్ కవర్‌కి ఈసారి రివెట్లు కొట్టట్లేదు, ఎం5 బోల్టులు, రివ్‌నట్లు పెడుతున్నా, లోపలి వైపు డాంపింగ్ షీటు అంటించా. 500 మైళ్ళయ్యాక మళ్ళీ తెరిచి బుష్ ఎంత కుంగిందో కొలిచి, మూడు కోణాలూ ఇక్కడే రాస్తా.